మంచు గూడు ఫొటోలో సిమెంటు గోడలా ఎందుకొస్తుంది? అపోహలు - వాస్తవాలు

గడ్డకట్టిన సరస్సు మీద రెండు రోజులు చెమటోడ్చి ఇగ్లూ (మంచు దిమ్మెల గూడు) కడతారు. ఫొటో చూసుకుంటే బూడిదరంగు గోడ! "కెమెరా పాడైందా?" అని కంగారు. కెమెరా నిక్షేపంగా ఉంది, విన్న సలహానే తప్పు.

అపోహ: మంచు కళ్లు చెదిరేంత తెలుపు, కాబట్టి ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు) తగ్గించాలి.

వాస్తవం: పెంచాలి. ఎదురుగా ఉన్నది మంచో బొగ్గో కెమెరాలో వెలుగును కొలిచే మీటర్‌కు తెలియదు, దేన్ని చూపినా నడిమి బూడిదరంగుకు తెచ్చేస్తుంది. తాజా మంచు తన మీద పడ్డ వెలుగులో 80-90 శాతాన్ని తిప్పికొడుతుంది. అది చూసి మీటర్ తనంతట తానే ఎక్స్‌పోజర్ కోసేస్తుంది. ఆ పైన మీరూ ఇంకో స్టాప్ తగ్గిస్తే (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది, పెరిగితే రెట్టింపవుతుంది) తెలుపు ఎక్కణ్నుంచి వస్తుంది?

అలాగని +1 (ఒక స్టాప్ ఎక్కువ) పెట్టేసి నిశ్చింతగా ఉండటానికీ లేదు. సరస్సు మీద చిక్కంతా ఇక్కడే. దిమ్మెలతో కట్టిన గోడ తెలుపు. గాలికి పైమంచు కొట్టుకుపోయిన చోట మాత్రం సరస్సు నీరు గట్టిపడ్డ గడ్డ అద్దంలా ఉండి, అడుగునున్న నీటి చీకటి కనబడి దాదాపు నల్లగా ఉంటుంది. ఫ్రేములో ఆ నలుపు ఎక్కువైతే మీటర్ ఈసారి అటువైపు పొరబడి గోడను తెల్లగా కాల్చేస్తుంది. రెండడుగులు పక్కకు జరిగితే చాలు, రీడింగ్ మారిపోతుంది.

అందుకే మాన్యువల్ మోడ్‌ (అంకెలన్నీ మీరే పెట్టేది), స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటునే కొలిచేది) పెట్టుకోండి. ఎండ పడుతున్న గోడలో, గరుకుతనం ఇంకా కనబడుతున్న అతి తెల్లటి చోట కొలిచి, మీటర్ చెప్పినదానికంటే ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పెంచండి. వెలుగు మారేదాకా ఆ అంకెలు ముట్టుకోవద్దు. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫు) కుడివైపుకు జరగాలి, అంచును మాత్రం తాకకూడదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూడండి. నీడలోని మంచు మీద పడేది నీలాకాశపు వెలుగే కనుక అక్కడ నీలం మిగతా రెండింటికంటే ముందుంటుంది, కలిపి చూపే గ్రాఫులో అది బయటపడదు. రా ఫైల్ (కెమెరా కుదించకుండా ఉంచే ముడి ఫొటో) తప్పనిసరి. ఫోన్ అయితే గోడ మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుగు గీతను పైకి జరపండి.

అపోహ: లోపల ఎంత పెద్ద లైటు పెడితే అంత బాగా మెరుస్తుంది.

వాస్తవం: బల్బు చుట్టూ తెల్లటి మచ్చ, మిగతాదంతా చీకటి. మంచు దిమ్మె వెలుగును చెదరగొడుతుంది కనుక, చిన్న ఎల్‌ఈడీని నేలవైపో వెనక గోడవైపో తిప్పితే గోడంతా సమంగా వెలుగుతుంది. పారదర్శకమైన గడ్డతో కట్టినదైతే బల్బే కనబడుతుంది, దానికి తెల్లటి పలచని గుడ్డ అడ్డుపెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత ఆకాశపు వెలుగు, లోపలి వెలుగు సరిసమానమయ్యే కొద్ది నిమిషాలే అసలు సమయం. వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో రంగుల ఛాయను సరిచేసే అమరిక) ఆటోలో వదలకుండా 4000 కెల్విన్ దగ్గర పెడితే, లోపలి లైటు పసుపు ఛాయదైతే గూడు వెచ్చటి రంగులో, ఆకాశం నీలంగా నిలుస్తాయి. ఎదురు నుంచి ఫ్లాష్ కొట్టారా, గోడ గరుకుతనం పోయి చదునైపోతుంది. పక్కనుంచి వాలుగా వచ్చే వెలుగే దిమ్మెల అతుకులు చూపిస్తుంది.

అపోహ: చలికి బ్యాటరీ చచ్చిపోయింది.

వాస్తవం: చావలేదు. లోపలి జేబులో వేసుకోండి, వెచ్చబడితే చాలావరకు కోలుకుంటుంది. సున్నా డిగ్రీల లోపు ఛార్జింగ్ మాత్రం వద్దు, అది నిజంగానే పాడుచేస్తుంది.

అపోహ: పని అయ్యాక కెమెరాను వెంటనే వెచ్చటి గదిలోకి తేవాలి.

వాస్తవం: వెచ్చటి గాలిలోని తేమ చల్లటి లెన్స్ మీద, లోపల కూడా నీరవుతుంది. బయటే కార్డు తీసుకుని, కెమెరాను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా బిగించి లోపలికి తెండి. గది వేడికి వచ్చాకే సంచి విప్పండి, రెండు గంటలైనా పట్టొచ్చు.

అపోహ: గూడునే మోస్తున్న గడ్డ మనల్ని మోయదా?

వాస్తవం: ఒక మనిషి నడవడానికే నిగనిగలాడే పారదర్శకమైన కొత్త గడ్డ కనీసం 10 సెంటీమీటర్లుండాలి. పాలలా తెల్లబడ్డ గడ్డ బలం అందులో సగమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. పైగా దిమ్మెల బరువు రోజుల తరబడి ఒకేచోట ఉంటే గడ్డ నెమ్మదిగా కుంగి, పగుళ్లలోంచి నీరు పైకి వస్తుంది. వాగు కలిసే చోట, రెల్లు మొలిచిన చోట గడ్డ ఇంకా పలచన. గోడ మొదట్లో తడి కనబడితే దగ్గరికి పోకండి, పొడవాటి లెన్స్ వేసి ఒడ్డు నుంచే తీయండి.