నాగలి దిగిన లోతుకు నీరు దిగుతుందా?

మిరుగు కార్తె దాటి మంచి వాన పడిన మర్నాడు చేవెళ్ల, యాచారం వైపు ఏదైనా చెలకలో గడ్డపారతో జానెడు లోతు తవ్వి చూడండి. చాలాచోట్ల పైన నాలుగు వేళ్ల మందం తడిసి ఉంటుంది, కింద మట్టి పొడిపొడిగానే ఉంటుంది. మిగతా వాన ఎర్రటి నీళ్లై వాగులో కలిసిపోయింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి పడే వానే సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో, కొన్ని గట్టి వానలతోనే వచ్చేస్తుంది. ఆ కొన్ని వానల్లో నేల ఎంత తాగిందన్నదాని మీదే తర్వాత వచ్చే బెట్టలో పత్తి, కంది నిలబడడం ఆధారపడి ఉంటుంది.

అందుకే సబ్‌సాయిలర్ గురించి అడిగే రైతులు కనిపిస్తున్నారు. ట్రాక్టరు వెనక తగిలించే ఉక్కు కాలు అది. మట్టిని తిరగెయ్యదు, అడుగున్నర లోతు దాకా చీల్చుకుంటూ పోతుంది. దాని చిన్న తమ్ముడు ఉలి నాగలి. వీటితో దున్నితే వాన మొత్తం పొలంలోనే ఇంకుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది కొంతవరకే నిజం. ఎంతవరకో తెలియాలంటే ఈ వాదన ఎక్కడ మొదలైందో చూడాలి.

లోతు దుక్కి మన దేశంలో మొదట ఇనుప నాగళ్లతో వచ్చింది. 1860లలో మద్రాసు పక్కన సైదాపేటలో ఆంగ్ల ప్రభుత్వం ప్రయోగ క్షేత్రం పెట్టి ఇంగ్లండు పరికరాలను రైతులకు అలవాటు చేయాలని చూసింది. మన కర్ర నాగలి మట్టిని గీరుతుందే తప్ప దున్నదని అప్పటి అధికారుల్లో చాలామంది అభిప్రాయం. 1889లో జాన్ అగస్టస్ వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త వచ్చి ఏడాదికి పైగా దేశమంతా తిరిగాడు. 1893లో వచ్చిన ఆయన నివేదిక ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. ఇక్కడి ఎద్దుల బలానికీ ఇక్కడి ఎండకూ దేశీ నాగలే సరిపోయిందని, మట్టిని లోతుగా తిరగేస్తే ఉన్న తడి కూడా ఆరిపోతుందని ఆయన రాశాడు. మన రైతు మాటను అంత శ్రద్ధగా విన్న పరాయి దేశపు మనిషి ఆ కాలంలో అరుదు.

ఆ తర్వాత 1933 ఈ కథలో మూడు చోట్ల తగులుతుంది. ఆ ఏడాదే మన మెట్ట వ్యవసాయ పరిశోధన పథకం షోలాపూర్, బీజాపూర్‌లలో మొదలైంది. కొద్దికాలంలోనే బళ్లారి దగ్గర హగరి, నిజాం సంస్థానంలోని రాయచూరు, ఉత్తరాన రోహ్‌తక్ అందులో చేరాయి. గట్లు వేయండి, పశువుల ఎరువు తోలండి, విత్తనం పలచగా వేయండి, మూడేళ్లకోసారి లోతుగా దున్నండి అన్నది అక్కడ తేలిన సలహా. దిగుబడి పెరిగింది కానీ పెద్దగా పెరగలేదు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. షోలాపూర్ నుంచి రాయచూరు దాకా ఆ కేంద్రాలు ఎక్కువగా నల్లరేగడి మీద ఉన్నవి. ఆ సలహా తర్వాత ఎర్ర చల్కలకూ అలాగే అంటుకుపోయింది.

అదే 1933లో అమెరికాలో రాబర్ట్ హార్టన్ అనే జలశాస్త్రవేత్త ఒక విషయం తేల్చి చెప్పాడు. పొడి నేల మొదట నీళ్లను గబగబా తాగుతుంది, తర్వాత నెమ్మదించి ఒక స్థిరమైన వేగానికి వస్తుంది. వాన అంతకన్నా జోరుగా పడితే మిగిలిందంతా పారిపోతుంది. అప్పటికే అక్కడి మైదానాల్లో మట్టి దుమ్ము తుఫానులై లేస్తోంది. ఓక్లహోమాలోని హూకర్ అనే ఊళ్లో ఒక రైతు, మట్టిని తిరగెయ్యకుండా కింది పెళ్లలను పైకి తెచ్చే బరువైన ఉలి నాగలిని ఆ ఏడాదే తయారుచేశాడు.

ఆ నాగలిని నీటి పనిముట్టుగా చూసినవాడు మాత్రం ఆస్ట్రేలియాలోని పెర్సివల్ యోమన్స్. గనుల పని, మట్టి పని తెలిసిన మనిషి. 1944లో సిడ్నీ దగ్గరి ఆయన పొలంలో గడ్డి మంటలు లేచి బావమరిది చనిపోయాడు. నేలలో తడి నిలిస్తే ఇంత ఎండిపోదు కదా అన్న ఆలోచన అక్కడి నుంచే ఆయన్ను పట్టుకుంది. అమెరికా ఉలి నాగలిని తెప్పించి, వాలును చూసి చాళ్లు గీశాడు. పల్లంలో చేరే నీరు మెల్లగా మెరకల వైపు పరుచుకునేలా ఆ చాళ్లు ఉండేవి. ఒకేసారి లోతుకు పోలేదు. ఏటా కొంచెం కొంచెం లోతు పెంచుతూ, తెరిచిన చోట గడ్డి వేళ్లు దిగాకే తర్వాతి లోతుకు వెళ్లాడు. ఆ పద్ధతి 1954లో పుస్తకంగా వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో మనకు బాగా పనికొచ్చేది ఆ చివరి సంగతే. దారి ఉక్కు తెరుస్తుంది, అది మళ్లీ మూసుకోకుండా కాపాడేది వేరు.

ఇక మన నేలకు వద్దాం. హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత మెట్ట పరిశోధన పథకం 1970లో మొదలైంది, పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో వచ్చింది, సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా 1985లో ఏర్పడింది. ఎరుపూ నలుపూ పక్కపక్కనే ఉన్న నేల కావడం పరిశోధనకు కలిసొచ్చింది. పటాన్‌చెరులో కొలిస్తే, రోజుల తరబడి నానిన నల్లరేగడి గంటకు మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే తాగింది. ఎర్ర నేల గంటకు ఏడు మిల్లీమీటర్లు దాటింది. ఈ లెక్కన చల్కలో వాన వృథా కాకూడదు. కానీ అవుతోంది.

కారణం పైనే ఉంది. పైరు కమ్మని చెలకలో చినుకు నేరుగా మట్టిపెళ్ల మీద పడి దాన్ని చిదుపుతుంది. మెత్తటి ధూళి సందుల్లోకి దూరి పూడ్చేస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల మందం పొర చాలు, నేల నోరు మూసుకుంటుంది. ఎండ రాగానే అది పెచ్చు కట్టి మొలకను కూడా పైకి రానివ్వదు. నల్లరేగడి అయితే ఎండలో నెర్రెలు విచ్చి తొలి వానను తాగేస్తుంది. చల్కకు అలా తనంతట తాను తెరుచుకునే గుణం తక్కువ.

రెండో అడ్డు అయిదారు అంగుళాల కింద ఉంటుంది. దాన్ని తయారుచేసింది మనమే. వరి మడిలో నీళ్లు పెట్టి మట్టిని బురదగా కలిపి దమ్ము చేసేదే నీరు కిందికి దిగకూడదని. అక్కడ ఆ గట్టి పొర ఆస్తి. బోరు వట్టిపోయి అదే మడిలో పత్తో మొక్కజొన్నో పెడితే అదే పొర శత్రువు. దమ్ము ఎరగని చెలకల్లోనూ ఏళ్ల తరబడి ఒకే లోతున తిరిగే రోటవేటర్ పైమట్టిని పిండి చేసి, కింద మట్టిని ఒత్తి పెడుతోంది. ట్రాక్టరు బరువు దానికి తోడు. యాచారం దగ్గర మా బంధువుల పొలంలో పత్తికట్టె పీకి చూశాను. తల్లివేరు జానెడు దిగి, గోడకు తగిలినట్టు పక్కకు తిరిగి ఉంది. అది చూశాక రెండు రోజులు మనసు మనసులో లేదు.

సబ్‌సాయిలర్ పగలగొట్టేది ఈ కింది పొరనే. పై పెచ్చును అది ఆపలేదు. అందుకే లోతు దుక్కి చేయించినా నీళ్లు పారిపోతున్నాయని ఒకరూ, పంట నిలబడిందని ఇంకొకరూ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్ల పొలాల్లో అడ్డు వేర్వేరు చోట్ల ఉంది.

పదును, అంటే దున్నేటప్పుడు నేలలో ఎంత తడి ఉందన్నది కూడా ముఖ్యం. పొడి మట్టి విరిగి పగుళ్లు నాలుగు వైపులా పాకుతాయి. తడి మట్టిలో ఉక్కు కాలు సబ్బులోకి కత్తి దిగినట్టు దిగి, గాడి గోడలను నున్నగా అలికి వస్తుంది. మరీ లోతుకు దించితే మట్టి పైకి లేవకుండా పక్కలకు ఒత్తుకుపోతుందని 1970లలో ఇంగ్లండులో గాడ్విన్, స్పూర్ అనే ఇంజనీర్లు చూపించారు. గట్టి పొర ఎనిమిది అంగుళాల దగ్గర ముగిస్తే పది, పన్నెండు అంగుళాలు చాలు, అంతకన్నా కిందికి పోవడం డీజిల్ దండగ. అడుగు లోతులోనే మొరం తగిలే చెలకల్లో అసలు ఈ పనే వద్దు. వాలు వెంట దున్నితే గాళ్లు కాలువలై మట్టిని మోసుకుపోతాయి, అడ్డంగానే దున్నాలి.

సేంద్రియ పదార్థం తక్కువున్న మన ఎర్ర నేలల్లో చీలిక ఒకటి రెండు కాలాలకే కూరుకుపోతుంది. దాని మీద మళ్లీ ట్రాక్టరు తిప్పితే ఇంకా తొందరగా. సబ్‌సాయిలర్ వేయించి ఆ వారమే రోటవేటర్ కొట్టించడం చూస్తే బాధేస్తుంది. పెట్టిన డబ్బులు, చేసిన కష్టం ఒక్క పూటలో పోతాయి. చీలిక వెంటే కందో ఆముదమో లాంటి లోతు వేరు పైరు పెట్టాలి. పత్తికట్టెను కాల్చకుండా ముక్కలు చేసి నేల మీద పరవాలి. గట్ల మీద గ్లైరిసీడియా అనే పచ్చిరొట్ట చెట్టు పెంచి కొమ్మలు చేలో వేయమని క్రీడా ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఇందుకే.

ట్రాక్టరు పిలిచే ముందు ఒక పూట పని చాలు. మోకాలి లోతు గుంత తీసి, గుంత గోడ మీద పై నుంచి కిందికి చాకు గుచ్చుతూ రండి. ఎక్కడ మొరాయించిందో, మళ్లీ ఎక్కడ సులువుగా దిగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత అడుగు కోసేసిన డబ్బాను దున్నని చోట నేలలోకి దిగ్గొట్టి, బెత్తెడు నీళ్లు పోసి ఎంతసేపటికి ఇంకాయో చూడండి. పై పెచ్చును చెక్కేసి పక్కనే మళ్లీ పోయండి. ఆరంగుళాల మట్టి తీసేసి ఇంకోసారి పోయండి. పెచ్చు తీయగానే నీరు చకచకా దిగితే డబ్బు గడ్డీగాదం పరవడానికి పెట్టండి. పెచ్చు తీసినా ఇంకకుండా, ఆరంగుళాల కింద కూడా అలాగే నిలిచిపోతే, అప్పుడు సబ్‌సాయిలర్ ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చాకు ఆగిన లోతు చెప్పండి.