బోరు దగ్గరి కరెంటు, ఆసుపత్రిలోని కరెంటు

మా దేవరకొండ వైపు కరెంటు షాక్ అంటే ఏంటో ఎవరికీ వివరించాల్సిన పనిలేదు. తడి చేత్తో స్టార్టర్ డబ్బా ముట్టుకుని పొలంలోనే ప్రాణం విడిచిన రైతు కథ వినని ఊరు ఉండదు. అందుకే స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక రోగం, ఉన్న కొడుకుని చూసి డాక్టర్ "కరెంటు ట్రీట్‌మెంట్ ఇద్దాం" అనగానే తల్లి కళ్ల ముందు మెదిలేది ఆ డబ్బానే. "వద్దు సారూ, పోరడు మొత్తానికే పోతడు" అంటుంది. ఆమెను తెలియనిదని విసుక్కోవడం అన్యాయం. ఆ భయం కళ్లారా చూసిన చావుల నుంచి వచ్చింది. కానీ ఈ రెండు కరెంట్లూ ఒకటి కావు.

బోరు దగ్గర కరెంటు చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా కాళ్లలోకి, నేలలోకి పోతుంది. గుండె లయ తప్పి మనిషి పోతాడు. ఈసీటీ అని పిలిచే ఈ చికిత్సలో కరెంటు తల మీద ఆనించిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్యే నడుస్తుంది, గుండె ఆ దారిలో లేదు. అది కూడా ఆగకుండా పారదు. ఒక్కొక్కటి సుమారు సెకనులో వెయ్యో వంతు ఉండే తునకలుగా, మొత్తం కొద్ది సెకన్లే. దాని పని మెదడులో ఒక మూర్ఛను, అంటే మనం ఫిట్స్ అనేదాన్ని, మొదలుపెట్టడం. మేలు చేసేది ముఖ్యంగా ఆ ఫిట్సే. కరెంటు అగ్గిపుల్ల లాంటిది.

అసలు ఈ ఆలోచన కరెంటుతో మొదలవ్వలేదు, కర్పూరంతో మొదలైంది. 1934లో బుడాపెస్ట్‌లో మెదునా అనే వైద్యుడు, కొయ్యబారి పడి ఉన్న ఒక రోగికి కర్పూరం ఇంజెక్షన్ ఇచ్చి ఫిట్స్ తెప్పించాడు. మూర్ఛరోగం ఉన్నవాళ్లకు స్కిజోఫ్రీనియా రాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తర్వాత తప్పని తేలింది, కానీ కొందరు రోగులు కోలుకున్న మాట మాత్రం నిజం. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ అనే వైద్యులు ఫిట్స్ తెప్పించడానికి ఇంజెక్షన్ బదులు కరెంటు వాడారు. వాళ్ల మొదటి రోగి, రైల్వే స్టేషన్‌లో అర్థంకాని మాటలు మాట్లాడుతూ తిరుగుతున్న మనిషి. అంటే ఈ చికిత్స పుట్టిందే స్కిజోఫ్రీనియా కోసం. 1950లలో మాత్రలు వచ్చాక పాశ్చాత్య దేశాల్లో దీన్ని ఎక్కువగా తీవ్రమైన డిప్రెషన్‌కే వాడుతున్నారు. మన దేశంలో స్కిజోఫ్రీనియాకు ఇప్పటికీ బాగానే వాడుతున్నారు.

అలాగని రోగం బయటపడగానే ఈసీటీ ఇవ్వరు. ముందు మాత్రలే. ఈసీటీ అసలు బలం కాటటోనియాలో కనిపిస్తుంది. మనిషి మాట్లాడడు, కదలడు, ముద్ద నోట్లో పెడితే మింగడు. చెయ్యి పైకెత్తి వదిలితే గాల్లో అలాగే నిలిచిపోతుంది. మనవాళ్లు దీన్నే గాలి సోకిందనో, బాణామతి చేశారనో అనుకుని తాయెత్తుల చుట్టూ తిరుగుతారు. నీళ్లు తాగని మనిషికి ఒక్కో రోజూ ప్రాణగండమే. ముందు లొరాజెపామ్ అనే మందు ఇచ్చి చూస్తారు. లొంగకపోతే ఈసీటీ. కొన్ని సిట్టింగులకే లేచి కూర్చుని అన్నం అడిగేవాళ్లున్నారు. ఆత్మహత్య ప్రమాదం తీవ్రంగా ఉన్నప్పుడు కూడా దీన్ని ఆలోచిస్తారు.

ఇంకో అవసరం, మామూలు మందులకు లొంగని రోగం. అలాంటివాళ్లకు క్లోజపిన్ అనే మాత్ర ఉంది, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయిస్తూ వాడాలి. దానికీ లొంగని 39 మందిపై జరిగిన అమెరికా అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. క్లోజపిన్‌కు ఈసీటీ కలిపినవాళ్లలో సగం మంది బాగా మెరుగుపడ్డారు. ఒట్టి క్లోజపిన్ మీదే ఉన్నవాళ్లలో ఆ స్థాయి మెరుగుదల ఒక్కరికీ రాలేదు. చిన్న అధ్యయనమే, కానీ అన్ని దారులూ మూసుకుపోయిన ఇంటికి అది చిన్న సంగతి కాదు. ఈసీటీతో చెవిలో వినిపించే గొంతులు, అనుమానాలు తగ్గినంతగా, ఉత్సాహం లేక ఓ మూల కూర్చుండిపోవడం తగ్గదు. ఇది ముందే చెప్పాలి.

ఒకప్పుడు మత్తు లేకుండా నేరుగా షాక్ ఇచ్చేవారు, ఎముకలు విరిగేవి. సినిమాలు మన బుర్రలో నాటింది ఆ దృశ్యమే. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది. మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయకూడదు. పిల్లలకైతే సంరక్షకుల సమ్మతితో పాటు ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కూడా కావాలి. రోగి పొద్దున ఏమీ తినకుండా వస్తాడు, నిద్రలోకి జారుకుంటాడు, ఫిట్స్ చాలావరకు ఒక నిమిషం లోపే ముగుస్తుంది. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున 6 నుంచి 12 సిట్టింగులు, కొందరికి ఇంకాస్త ఎక్కువ. తలనొప్పి, దవడ నొప్పి వస్తాయి. మతిమరుపు కూడా వస్తుంది. చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది, కానీ చికిత్సకు ముందరి కొన్ని జ్ఞాపకాలు కొందరికి తిరిగి రావు. ఈ మాట దాచిపెట్టి సంతకం పెట్టించుకోవడం తప్పు.

మొక్కు తీర్చుకోవడానికి యాదగిరిగుట్టలో నలభై రోజులు నిద్ర చేయాలనుకుంటే చేయండి, మాత్రల డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఈసీటీ అయ్యాక పిల్లాడు మామూలయ్యాడని మాత్రలు ఆపేస్తే కొన్ని నెలల్లోనే రోగం తిరగబెట్టవచ్చు. కోర్సు ముగిసి ఇంటికి బయల్దేరే ముందే, ఏ మాత్ర ఎన్నాళ్లు వేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది చీటీ మీద తెలుగులో రాయించుకోండి.