జెనోవాకు ఆ వంతెన తప్ప మరో దారి లేకపోయింది

ఇటలీలోని జెనోవా కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న రేవు పట్టణం. ఊరికి పడమర పోల్చెవేరా లోయ. అక్కడ ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు, కార్మికుల ఇళ్లు. వాటన్నిటి మీదుగా ఏ10 అనే మోటారు మార్గాన్ని (ఎక్స్‌ప్రెస్ హైవేను) దాటించేందుకు ఇంజనీరు రికార్డో మొరాండీ రూపొందించిన వంతెన 1967 సెప్టెంబరులో ప్రారంభమైంది. పొడవు 1,182 మీటర్లు, ఎత్తు 45 మీటర్లు. ఊరివాళ్లు దాన్ని గర్వంగా బ్రూక్లిన్ వంతెనతో పోల్చుకున్నారు.

పేరుకు మోటారు మార్గమే అయినా నగరానికి అదే వీధి కూడా. రేవు నుంచి ఫ్రాన్స్ వైపు వెళ్లే లారీలూ, పక్క పేటకు పనికెళ్లే కార్లూ దాని మీదే. ట్రాఫిక్ ఏటికేడు పెరిగింది.

అసలు చిక్కు కేబుళ్లది. టవర్ల నుంచి రోడ్డును పట్టి ఉంచే ఉక్కు తీగలను మొరాండీ కాంక్రీటు తొడుగులో పెట్టారు. కాపాడుతుందనుకున్న ఆ తొడుగే లోపలి తుప్పును కంటికి కనబడకుండా చేసింది. ఉప్పుగాలి, ఫ్యాక్టరీ పొగ కాంక్రీటును తినేస్తున్నాయని 1979లో ఆయనే రాశారు. 1990ల మొదట్లో పదకొండో టవరుకు బయటి నుంచి కొత్త ఉక్కు కేబుళ్లు బిగించారు. తొమ్మిదో టవరుకు ఆ పని జరగలేదు.

భారం తగ్గించడానికి కొండల వెనక నుంచి గ్రోండా అనే బైపాస్ వేయాలన్న మాట దశాబ్దాలు నలిగింది. ఇళ్లు పోతాయని కొందరు, ఖర్చు దండగని మరికొందరు అడ్డుచెప్పారు. వాళ్ల భయాలు నిజమైనవే. కానీ మూసి మరమ్మతు చేయడానికి వీల్లేనంతగా ఒకే వంతెనకు ఊరంతా అతుక్కుపోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను.

2018 ఆగస్టు 14, ఉదయం 11:36. జోరువాన. మర్నాడు వేసవి పండగ కావడంతో సెలవులకు బయల్దేరిన కుటుంబాలు కూడా వంతెన మీదున్నాయి. తొమ్మిదో టవరు, దాంతోపాటు 200 మీటర్లకు పైగా రోడ్డు కూలిపోయాయి. 43 మంది చనిపోయారు. కింద ఉన్న అపార్ట్‌మెంట్ల నుంచి ఐదు వందల మందికి పైగా ఖాళీ చేయించారు. సామాన్లు తెచ్చుకోవడానికి తర్వాత కాసేపు, అదీ అగ్నిమాపక సిబ్బంది వెంట ఉండగా పంపించారు. ఆ ఇళ్లనూ పడగొట్టేశారు.

జెనోవాలోనే పుట్టిన ఆర్కిటెక్ట్ రెంజో పియానో ఆలోచన మేరకు కట్టిన కొత్త వంతెన 2020 ఆగస్టు 3న ప్రారంభమైంది. దానికి తనిఖీ రోబోలు, తేమను తగ్గించే యంత్రాలు అమర్చారు. మృతుల కుటుంబాల సంఘం మాత్రం ఆ వేడుకకు రాలేదు. రాష్ట్రపతి మత్తరెల్లా వాళ్లను విడిగా కలిశారు.