‘స్పై కిడ్స్’ నాలుగో భాగం బెడిసికొట్టడం వెనుక కథ

2011 ఆగస్టు 19న అమెరికాలో ‘స్పై కిడ్స్: ఆల్ ద టైమ్ ఇన్ ద వరల్డ్’ విడుదలైంది. పిల్లలే గూఢచారులుగా సాహసాలు చేసే హాలీవుడ్ సిరీస్‌లో ఇది నాలుగోది. చూడ్డానికి వచ్చినవాళ్ల చేతిలో త్రీడీ కళ్లజోడుతో పాటు అంకెలు వేసిన ఓ అట్టముక్క కూడా పెట్టారు. తెర మీద ఏ అంకె మెరిస్తే అట్ట మీద ఆ గడిని గోటితో గీకి వాసన చూడాలి. దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ ఈ ఏర్పాటుకు ‘అరోమాస్కోప్’ అని పేరు పెట్టాడు. ప్రచారంలో ‘ఫోర్‌డీ’ అన్నారు. సమీక్షకులు మాత్రం చీల్చి చెండాడారు. సమీక్షలన్నీ లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో మొదటి భాగానికి 90 శాతానికి పైగా అనుకూల సమీక్షలు వస్తే, దీనికి పాతిక శాతం కూడా రాలేదు.

కాలంతో ఆడుకునే కథ కావడం వల్లే దెబ్బతిందని చాలామంది తేల్చేశారు. నాకలా అనిపించదు. ఈ సిరీస్ గాడి తప్పింది అంతకు ఎనిమిదేళ్ల ముందు, అదీ అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తెచ్చిన సినిమాతో.

అసలు ఆలోచన 1995 నాటిది. ‘ఫోర్ రూమ్స్’ అనే సినిమాలో రోడ్రిగెజ్ ఒక భాగం తీశాడు. అందులో ఆంటోనియో బండేరాస్ తండ్రి. అతని ఇద్దరు పిల్లలకు టక్సీడో సూట్లు తొడిగారు. ఆ వేషంలో వాళ్లు బుల్లి జేమ్స్ బాండుల్లా కనిపించేసరికి రోడ్రిగెజ్ బుర్రలో విత్తనం పడింది. పదిమంది సంతానమున్న ఇంట్లో పుట్టినవాడు, పైగా ఎఫ్‌బీఐలో పనిచేసిన బాబాయి ఉన్నాడు. అందుకే 2001లో వచ్చిన తొలి ‘స్పై కిడ్స్’లో గూఢచర్యం కన్నా ఇల్లే ఎక్కువ కనిపిస్తుంది. కోర్టెజ్ కుటుంబం వాళ్లది. అమ్మానాన్నలు (కార్లా గుగీనో, బండేరాస్) మాయమైతే వెతుక్కుంటూ వెళ్లే అక్కాతమ్ముళ్లు కార్మెన్, జూనీ, అన్నతో మాటల్లేని తండ్రి. ఈ కుటుంబాన్ని లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబంగా ఎందుకు చూపించాలని స్టూడియో వాళ్లు అడిగితే, జేమ్స్ బాండ్‌ను మెచ్చడానికి బ్రిటిష్ వాళ్లమే కానక్కర్లేదు కదా అని తాను బదులిచ్చినట్టు రోడ్రిగెజ్ చాలాచోట్ల చెప్పాడు. దాదాపు 3.5 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 14 కోట్లకు పైగా తెచ్చింది.

మరుసటి ఏడాది రెండో భాగం పరవాలేదనిపించింది. 2003లో మూడోది, ‘స్పై కిడ్స్ 3-డీ: గేమ్ ఓవర్’. ఒక కంట ఎరుపు, ఒక కంట నీలం అట్ట కళ్లజోడు పెట్టుకుంటే రంగులన్నీ వెలిసిపోయి, బయటికొచ్చేసరికి తలనొప్పి. కథంతా వీడియో గేమ్ లోపలే. బండేరాస్, కార్లా గుగీనో చివర్లో కాసేపు కనిపించి వెళ్లిపోతారు. తాతగా వేసిన రికార్డో మోంటాల్బన్ ఒక్కడే ఇంటివాసన మిగిల్చాడు. నిజజీవితంలోనూ చక్రాల కుర్చీకే పరిమితమైన ఆ పెద్దాయన గేమ్‌లోకి వెళ్లి యంత్రకవచం తొడుక్కుని లేచి తిరగడం ఇప్పుడు చూసినా బాగుంటుంది. సమీక్షలు పలచబడ్డాయి, వసూళ్లు మాత్రం దాదాపు 19.7 కోట్ల డాలర్లు. ఇల్లు లేకపోయినా కళ్లజోడు ఉంటే చాలన్న భరోసా అక్కడే కుదిరిందని నా అనుమానం.

తర్వాత 2009 డిసెంబరులో ‘అవతార్’ వచ్చింది, హాలీవుడ్ మొత్తానికి త్రీడీ పిచ్చి పట్టింది. ఆ ఏడాదే తన ‘మచెటే’ సినిమా షూటింగ్‌లో నటి జెస్సికా ఆల్బా తన పసిపాపను చూసుకుంటూ కనబడితే, గూఢచారి తల్లి అనే ఊహ రోడ్రిగెజ్‌కు తట్టింది. (ఆ సినిమా హీరో మచెటే కూడా తొలి ‘స్పై కిడ్స్’లోని పెదనాన్న పాత్రే. పిల్లల సినిమాలోంచి నెత్తుటి సినిమాలోకి నడిచి వెళ్లిన మనిషి.)

అలా నాలుగో భాగంలో కోర్టెజ్ కుటుంబం పక్కకు తప్పుకుంది, విల్సన్ కుటుంబం వచ్చింది. బండేరాస్, గుగీనో అసలే లేరు. పెద్దవాళ్లైన కార్మెన్, జూనీ అతిథుల్లా వచ్చిపోతారు. కాలాన్ని పరుగులు పెట్టించే ప్రతినాయకుడు టైమ్‌కీపర్‌గా జెరెమీ పివెన్ వేశాడు. చిన్నప్పుడు తండ్రితో గడపలేకపోయిన కాలం కోసం వెనక్కి వెళ్లాలన్నదే అతని ఆరాటం. పిల్లలతో గడిపే తీరిక లేని తల్లిదండ్రుల కథకు ఇంతకన్నా సరిపోయే విలన్ దొరకడు. కానీ ఆ బాధ మన దాకా వచ్చేలోపు డైపర్ల జోకులు, వాంతుల జోకులు, మాట్లాడే రోబో కుక్క. ఆపైన గీకమని ఇంకో అంకె.

సమయమూ కలిసిరాలేదు. అదే శుక్రవారం ‘కోనన్ ద బార్బేరియన్’, ‘ఫ్రైట్ నైట్’ కూడా త్రీడీలోనే దిగాయి. మూడూ చతికిలబడ్డాయి. కళ్లజోడు అక్కర్లేని ‘ద హెల్ప్’ ఆ వారాంతం మొదటి స్థానంలో నిలిచింది. 2001లో తొలి భాగం చూసిన పదేళ్ల పిల్లలకు అప్పటికి ఇరవై ఏళ్లు. వాళ్లు రాలేదు, వాళ్ల తర్వాతి పిల్లలకు ఈ పేరుతో అనుబంధం లేదు.

పూర్తిగా మునిగిపోయిందనీ అనలేం. 2.7 కోట్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్తంగా 8.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అయితే ఆ తర్వాత ఈ సిరీస్‌కు వెండితెర దూరమైంది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో యానిమేషన్‌గా వచ్చింది. 2023లో అక్కడే ‘స్పై కిడ్స్: ఆర్మగెడాన్’ పేరుతో మళ్లీ కొత్త కుటుంబంతో మొదలైంది. ఈసారి ఇంటిపేరులో టోరెజ్ ఉంది, స్క్రిప్టు రాయడంలో రోడ్రిగెజ్‌కు తోడు కూర్చున్నది అతని కొడుకు రేసర్ మ్యాక్స్.