ఖాళీ గ్యాలరీల కాలంలో హాకీ: అపోహలు - వాస్తవాలు

మైదానాలు మూతపడినా క్రీడల పేజీ ప్రతి రాత్రీ నిండాల్సిందే. 2020 మార్చి నుంచి సుమారు రెండేళ్లపాటు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో హాకీ వార్తలు చూసే బాధ్యత నాకుండేది. ఆ కాలంలో ఆటకు ప్రేక్షకులు దూరమవడం గురించీ, మీడియా హాకీని చూపించిన తీరు గురించీ ఇప్పటికీ కొన్ని మాటలు చెలామణిలో ఉన్నాయి. వాటిలో నాకు తరచుగా ఎదురయ్యేవాటినే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: కరోనా వచ్చాక పత్రికల్లో హాకీ కనిపించకుండా పోయింది.

వాస్తవం: మ్యాచ్‌లు ఆగిపోయిన మాట నిజం. 2020 ఫిబ్రవరి 22న భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో, దేశాల జట్ల మధ్య జరిగే ప్రొ లీగ్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియాను షూటౌట్‌లో ఓడించిన మన పురుషుల జట్టు, తిరిగి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2021 ఫిబ్రవరి 28న, జర్మనీలోని క్రెఫెల్డ్‌లో. అంటే ఏడాదికి పైగా పురుషుల జట్టు గురించి మాకు రాయడానికి ఒక్క స్కోరు కూడా లేదు. అయినా హాకీ అన్న మాట పేజీలో నుంచి పోలేదు. లాక్‌డౌన్ ప్రకటించేనాటికి పురుషుల, మహిళల జట్లు రెండూ బెంగళూరులోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) ప్రాంగణంలో శిబిరంలో ఉన్నాయి. జూన్‌లో ఇళ్లకు పంపేవరకూ వారు అక్కడే ఉండిపోయారు. వారు ఏం తింటున్నారు, గదుల్లో ఏ వ్యాయామాలు చేస్తున్నారు, పాత మ్యాచ్‌ల వీడియోలు చూసి ఏం నేర్చుకుంటున్నారు అన్న సమాచారంతో జాతీయ హాకీ సమాఖ్య నుంచి ప్రెస్ నోట్లు వరసగా వచ్చేవి. ఆగస్టులో కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్ సహా ఆరుగురు ఆటగాళ్లకు కరోనా సోకినప్పుడు, మ్యాచ్‌లు జరిగిన రోజుల్లో కూడా దొరకనంత స్థలం హాకీకి దొరికింది.

సంతాప వార్తలు వేరే కోవలోకి వస్తాయి. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన బల్బీర్ సింగ్ సీనియర్ 2020 మే 25న కన్నుమూశారు. ఆయన మరణానికి కరోనాతో సంబంధం లేదు. కానీ 2021 మే 8న, 1980 మాస్కో స్వర్ణ విజేత జట్టులోని ఎం.కె.కౌశిక్, రవీందర్ పాల్ సింగ్ ఇద్దరినీ ఒకే రోజున కరోనా తీసుకుపోయింది. ఆ రాత్రి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పేజీ కట్టాం. ‘ఒలింపిక్స్ హాకీలో భారత్ చివరి పతకం’ అన్న మాట ఆ వార్తలో రాసినప్పుడు, ఇంకో మూడు నెలల్లో ఆ ‘చివరి’ అన్న విశేషణం చెల్లకుండా పోతుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

అపోహ: జూమ్ సమావేశాల వల్ల ఆటగాళ్లు విలేకరులకు మునుపటికన్నా దగ్గరయ్యారు.

వాస్తవం: దీన్ని నమ్మేవారిలో మా వృత్తివారే ఎక్కువ, కాబట్టి కొంచెం విడమరిచి చెప్పాలి. పైకి చూస్తే వాదన సబబుగానే ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్న విలేకరికి భారత జట్టు కోచ్‌ను ప్రశ్న అడిగే అవకాశం అంతకుముందు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. ఆ రెండేళ్లలో నెలకు ఒకటి రెండు సార్లు వచ్చింది. బస్సు చార్జీ లేదు, హోటల్ బిల్లు లేదు.

అయితే ఆ గంట ఎలా గడిచేదో చూడండి. లింకు సమాఖ్య మీడియా విభాగం నుంచి వస్తుంది. ప్రశ్నను ముందుగా చాట్ పెట్టెలో రాయాలి, లేదా చెయ్యి గుర్తు నొక్కి పేరు పిలిచేవరకూ ఆగాలి. యాభై చతురస్రాల్లో నలభై చీకటిగా ఉంటాయి. ఒక ఆటగాడు, అతని వెనక స్పాన్సర్ల బోర్డు. ఒకరికి ఒకే ప్రశ్న, జవాబు మీద ఎదురు ప్రశ్నకు వీలు లేదు. ‘మేము ఒక్కో మ్యాచ్ గురించే ఆలోచిస్తున్నాం’ అన్న జవాబును యాభై మందీ ఒకేసారి వింటారు, యాభై మందీ ఒకేసారి రాస్తారు. మర్నాడు నాలుగు తెలుగు పత్రికలు పక్కపక్కన పెట్టి చూస్తే, శీర్షికల్లో క్రియాపదాలు మారేవి తప్ప లోపల ఉన్నది ఒకే కాపీ.

మిక్స్‌డ్ జోన్‌లో జరిగేది ఇందుకు పూర్తిగా భిన్నం. మ్యాచ్ ముగిశాక ఆటగాళ్లు బయటికి వెళ్లే దారి పక్కన విలేకరులు నిలబడే చోటు అది. చెమట ఆరకుండానే స్టిక్ చంకలో పెట్టుకుని వస్తున్న డిఫెండర్‌ను పేరు పెట్టి పిలవవచ్చు. అతను ఆగవచ్చు, ఆగకుండా వెళ్లిపోవచ్చు, ఆ వెళ్లిపోవడమూ వార్తే. మోకాలికి కట్టిన ఐస్ మూట కనిపిస్తుంది. ఒకసారి భువనేశ్వర్‌లో ఒక యువ ఆటగాడు నా ప్రశ్నకు సమాధానం చెప్పకుండా, పెనాల్టీ కార్నర్‌లో (గోల్ దగ్గర ప్రత్యర్థి తప్పు చేస్తే దక్కే దాడి అవకాశం) బంతి ఆపాల్సిన తన సహచరుడి వైపు ఒక్క చూపు చూశాడు. నాకు కావలసింది ఆ చూపులోనే దొరికింది. జూమ్‌లో ఆ సహచరుడు తెర మీదే ఉండడు.

కాబట్టి ఆ కాలంలో హాకీ వార్తల పరిమాణం పెరిగినా, వాటికి ఆధారమైన నోళ్లు తగ్గాయన్నది నా అంచనా. ఆంక్షలు పోయాక కూడా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. మనిషిని పంపడం కన్నా లింకు తెరవడం చవక అన్న సంగతిని ఏ యాజమాన్యమూ ఒకసారి తెలుసుకున్నాక మరచిపోదు.

అపోహ: టోక్యో ఒలింపిక్స్‌లో స్టేడియాలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మన పతకాన్ని చూసినవారు తక్కువ.

వాస్తవం: గ్యాలరీలో కూర్చున్నవారినే ప్రేక్షకులుగా లెక్కించే పాత అలవాటు నుంచి వచ్చిన పొరపాటు ఇది. విదేశీ ప్రేక్షకులను రానివ్వబోమని 2021 మార్చిలోనే తేల్చిచెప్పారు. స్థానికులను పరిమితంగా అనుమతిస్తామని జూన్‌లో ప్రకటించినా, టోక్యోలో అత్యయిక స్థితి విధించడంతో జూలై 8న ఆ నిర్ణయాన్ని కూడా వెనక్కి తీసుకున్నారు. ఒయి హాకీ స్టేడియంలో కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. అయితే జర్మనీతో కాంస్య పోరు ఆగస్టు 5న మన కాలమానం ప్రకారం ఉదయం 7 గంటలకు మొదలైంది. చాలామంది ఇంకా ఇంటి నుంచే పనిచేస్తున్న రోజులవి. ఒలింపిక్స్‌కు తెలుగు వ్యాఖ్యానం కూడా ఉండటంతో, హాకీ నియమాలు తెలియని ఇళ్లలో కూడా పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో ఆ వారం రోజుల్లో తెలిసిపోయింది.

పత్రికకు మాత్రం ఆ వేళ కలిసి రాలేదు. ఆ ఉదయం ఇళ్లకు చేరిన పత్రికలో ఉన్నది మ్యాచ్‌కు ముందు రాసిన కథనం. 3-1తో వెనకబడిన జట్టు 5-4తో గెలవడం, ఇంకా ఏడు సెకన్లు కూడా లేని సమయంలో జర్మనీకి దక్కిన పెనాల్టీ కార్నర్‌ను మన గోల్‌కీపర్ శ్రీజేశ్ అడ్డుకోవడం, గోల్‌పోస్టు ఎక్కి కూర్చోవడం, అన్నీ పాఠకుడు ఫోనులో చూసేశాడు. మర్నాటి పేజీకి స్కోరు అక్కరలేదు, వివరణ కావాలి. పురుషుల హాకీకి మా పత్రికలో రెండు పూర్తి పేజీలు దక్కడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

అపోహ: కరోనా గ్యాలరీలనే మార్చింది, ఆటను ముట్టుకోలేదు.

వాస్తవం: మన పతక కథలోనే దీనికి సమాధానం ఉంది. జూన్‌లో ప్రకటించిన పురుషుల జట్టులో పదహారు మంది ఉన్నారు. ఆ పదహారు మందికీ ఫొటోలు, వివరాలు సిద్ధం చేసి ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. తర్వాత, ఎవరికైనా వైరస్ సోకితే జట్లు చిక్కుల్లో పడకూడదని, ప్రత్యామ్నాయ ఆటగాళ్లను కూడా జట్టులోకి తీసుకుని వారిలోంచి ప్రతి మ్యాచ్‌కు పదహారు మందిని ఎంచుకునే వెసులుబాటు ఇచ్చారు. జూలై 27న స్పెయిన్‌పై మొదటి గోల్ కొట్టింది అలా వచ్చిన సిమ్రన్‌జీత్ సింగ్. మా ఫోల్డర్‌లో అతని ఫొటో లేదు. ఏజెన్సీ చిత్రాల్లో వెతికి, వీపు మీది పేరు చూసి నిర్ధారించుకుని పెట్టాం. జర్మనీతో కాంస్య పోరులో రెండు గోల్స్ చేసిందీ అతనే. మహిళల జట్టుతో ఇలాగే ప్రత్యామ్నాయ గోల్‌కీపర్‌గా వెళ్లిన ఎటిమరపు రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి. తెలుగు పత్రికలు ఆ జట్టు ప్రయాణాన్ని నాలుగో స్థానం వరకూ అంత శ్రద్ధగా అనుసరించడానికి ఆమె కూడా ఒక కారణం.

అపోహ: ప్రేక్షకుల ఒత్తిడి లేనందువల్లే మనవాళ్లు టోక్యోలో గెలిచారు.

వాస్తవం: అదే ఖాళీ స్టేడియంలో ఆస్ట్రేలియా చేతిలో 7-1తో ఓడారు, సెమీఫైనల్లో బెల్జియం చేతిలో 5-2తో ఓడారు. అదే ఏడాది చివర భువనేశ్వర్‌లో ప్రేక్షకులు లేకుండా జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో మన కుర్రాళ్లు ఫ్రాన్స్ చేతిలో రెండుసార్లు ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2024 పారిస్‌లో జనం మధ్య ఆడి మళ్లీ కాంస్యం తెచ్చారు. ఇంత కొద్ది మ్యాచ్‌ల నుంచి ఏ సిద్ధాంతమూ లాగలేం. ఖాళీ స్టేడియం వల్ల ఖాయంగా మారింది ధ్వని ఒక్కటే: గోల్‌కీపర్ డిఫెండర్లను ఎడమకూ కుడికీ అరుస్తూ నడిపించడం టీవీలో స్పష్టంగా వినబడింది. గోల్‌కీపర్ అంటే బంతి ఆపేవాడని మాత్రమే తెలిసినవారికి, అతని పనిలో సగం నోటితో జరుగుతుందని అప్పుడే తెలిసి ఉంటుంది.

అపోహ: టికెట్ల డబ్బు రాక భారత హాకీ ఆర్థికంగా చితికిపోయింది.

వాస్తవం: అంతర్జాలంలో ‘హాకీ నష్టాలు’ అని వెతికితే వచ్చే అంకెలు ఎక్కువగా ఉత్తర అమెరికా ఐస్ హాకీవి. అక్కడి నేషనల్ హాకీ లీగ్ 2020 మార్చి 12న ఆగిపోయి, ఆగస్టు నుంచి టొరంటో, ఎడ్మంటన్ నగరాల్లో ప్రేక్షకులు లేకుండా పూర్తయింది; ఆ లీగ్ ఆదాయంలో గేటు వసూళ్లది పెద్ద వాటా కాబట్టి దెబ్బ గట్టిగానే తగిలింది. మన జాతీయ జట్లను 2018 నుంచి మోస్తున్నది ఒడిశా ప్రభుత్వ స్పాన్సర్‌షిప్. టోక్యో పతకం వచ్చిన నెలలోనే దాన్ని 2033 వరకూ పొడిగిస్తామని ప్రకటించారు. టికెట్ల మీద ఆధారపడని ఆటకు టికెట్లు ఆగితే వచ్చే నష్టం పరిమితమే.

అపోహ: ఆంక్షలు ఎత్తేశాక జనం అంతటా ఒకేలా తిరిగొచ్చారు.

వాస్తవం: ప్రపంచకప్ వరకు ఈ మాట చెల్లుతుంది. 2023 జనవరిలో రూర్కెలాలో కొత్తగా కట్టిన బిర్సా ముండా స్టేడియంలో ఇరవై వేల కుర్చీలు ఉండగా, స్పెయిన్‌తో మన మ్యాచ్‌కు అవి నిండాయి. జాతీయ చాంపియన్‌షిప్‌లకు, జిల్లా టోర్నీలకు వచ్చేసరికి అసలు లెక్క లేదు. 2023 ఫిబ్రవరిలో కాకినాడలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు జరిగాయి. ఇలాంటి పోటీలకు చాలాచోట్ల ప్రవేశం ఉచితం, టికెట్ ఉండదు, కాబట్టి కరోనాకు ముందు ఎందరు వచ్చేవారో, తర్వాత ఎందరు వచ్చారో చెప్పే కాగితమేదీ ఉండదు. విలేకరి ఒక వరసలో తలలు లెక్కపెట్టి, వరసలతో హెచ్చవేసి రాసే అంకే చరిత్ర అవుతుంది. ‘ప్రేక్షకులు భారీగా తరలివచ్చారు’ అని కరోనాకు ముందు ఏ వాక్యం రాసేవారో, తర్వాత కూడా అదే వాక్యం పంపే కంట్రిబ్యూటర్లు (ఊళ్ల నుంచి వార్తలు పంపే స్థానిక విలేకరులు) నాకు తెలుసు.

ఆంక్షలు ఎత్తేసిన ఏడాది ఒక చిన్న పట్టణంలో జరిగిన ఆహ్వాన టోర్నీ నుంచి అదే వాక్యంతో కాపీ వచ్చింది. కంట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి, ‘భారీగా అంటే ఎంతమందండీ?’ అని అడిగాను. కాసేపు ఆగి, ‘షామియానా కింద నలభై కుర్చీలు సార్, అన్నీ నిండాయి. గోడ మీద కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టలేదండీ’ అన్నారు. ‘భారీగా’ తీసేసి, నలభై కుర్చీలనూ గోడ మీది పిల్లలనూ అలాగే వేశాను.