దవడ పంటిలోని పాదరసం

పిప్పిపన్నులో ఏ పదార్థం నింపినా మన దగ్గర ‘సిమెంటు పెట్టించుకున్నాను’ అనే చెబుతారు. పాతకాలపు దవడ పళ్లలో నల్లగా కనిపించేది మాత్రం సిమెంటు కాదు, లోహం. బరువులో దాదాపు సగం పాదరసం. మిగిలింది వెండి, తగరం, రాగి. పేరు అమాల్గమ్. 2034 నాటికి దీని వాడకానికి స్వస్తి చెప్పాలని, పాదరసం వాడకాన్ని అరికట్టే మినమాటా ఒప్పందంలోని దేశాలు 2025 నవంబరులో జెనీవాలో తీర్మానించాయి. 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించిన భారతదేశానికీ ఇది వర్తిస్తుంది.

పాదరసం విషమని ఎప్పటినుంచో తెలుసు. అయినా ఇన్నేళ్లు నోట్లో ఎలా నిలిచిందో తెలియాలంటే దాన్ని కలిపే తీరు చూడాలి. పాళ్లు కొలిచి నింపిన మందుగుళికలాంటి డబ్బీలు రాకముందు చిన్న కల్వంలో వెండిపొడి, పాదరసం వేసి నూరేవారు. ముద్దను గుడ్డలో మూటగట్టి పిండితే ఎక్కువైన పాదరసం మెరిసే పూసలై రాలేది. మిగిలినదాన్ని పంటి గుంతలో కూరి అదుముతుంటే సన్నగా కిర్రుమనేది. కాసేపట్లో బిగిసి, మర్నాటికి మురుకులు నమిలేంత గట్టిపడేది. కొలిమి అక్కర్లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కాస్త ఉమ్మి తగిలినా పెద్దగా చెడదు. ఇంత ఓర్పున్న పదార్థం దంతవైద్యానికి మళ్లీ దొరకలేదనే చెప్పాలి.

చైనాలో 659 నాటి ఔషధ గ్రంథంలోనే పంటికి నింపే ‘వెండి ముద్ద’ ప్రస్తావన ఉంది. అమెరికాకు అమాల్గమ్‌ను తీసుకెళ్లింది ఐరోపా నుంచి వచ్చిన క్రాకూర్ సోదరులు. 1833లో న్యూయార్క్‌లో దిగి, వెండి నాణేల రజనును పాదరసంతో కలిపి, ‘రాయల్ మినరల్ సక్సిడేనియమ్’ అని గొప్ప పేరు పెట్టి అమ్మారు. పుచ్చు తీయకుండానే పైన కూరేసేవారట! బంగారు రేకుతో పళ్లు నింపే వైద్యులు మండిపడ్డారు. అమాల్గమ్ వాడబోమని సభ్యులు సంతకం చేయాలని 1845లో వారి సంఘం షరతు పెట్టింది. ఆ కోపంలో విషభయం ఎంతో, బంగారం గిరాకీ పోతుందన్న దిగులు ఎంతో విడదీయడం కష్టం. చివరికి 1856లో సంఘమే మూతపడింది, అమాల్గమ్ మిగిలింది.

అప్పటి మిశ్రమం బిగిసేటప్పుడు ఉబ్బేది, కుంచించుకుపోయేది. ఉబ్బితే పన్ను పగులుతుంది, కుంచించుకుంటే అంచున సందు పడి మళ్లీ పుచ్చుతుంది. 1890లలో షికాగో దంతవైద్యుడు జి.వి. బ్లాక్ వెండి, తగరం పాళ్లు మార్చి మార్చి కొలిచి ఈ రెండింటినీ అదుపులోకి తెచ్చాడు. 1926లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ పాదరసం ఆవిరి గురించి గట్టిగా హెచ్చరించాడు. దుమారం రేగి, చల్లారింది. 1960లలో రాగి పాలు పెంచాక తుప్పు తగ్గి, పూడిక ఆయుష్షు ఇంకా పెరిగింది.

చివరికి దీన్ని గద్దె దించినది పంటి తగవు కాదు, నీటి తగవు. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన మిథైల్ పాదరసం అనే విషరూపం చేపల ద్వారా జనం ఒంట్లోకి చేరడంతో వచ్చిన జబ్బు 1956లో బయటపడింది. పంటిలో ఉండేది ఆ రూపం కాదు. కానీ క్లినిక్ కాలువలోంచి చెరువుకో సముద్రానికో చేరిన పాదరసాన్ని బురదలోని సూక్ష్మజీవులు ఆ రూపంలోకే మారుస్తాయి. 2013లో కుదిరిన ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి వైద్య అవసరాలకు తప్ప, అమాల్గమ్‌ను నిషేధించింది.

ఇక దాని స్థానంలో ఏమిటి? 1955లో దంతవైద్యుడు మైకేల్ బ్యూనకోర్ పంటి పింగాణీపై ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే ఉపరితలం గరుకై రెజిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థం అతుక్కుంటుందని చూపాడు. తర్వాత రాఫెల్ బోవెన్ కొత్త రెజిన్‌కు గాజులాంటి సిలికా పొడి చేర్చి, నేటి పంటిరంగు కాంపోజిట్‌కు పునాది వేశాడు. అందంగానే ఉంటుంది. కానీ అతికించే వేళ ఉమ్మి తగిలితే పట్టు పోతుంది, పొరలు పొరలుగా వేసి నీలికాంతితో గట్టిపరచాలి. సమయమూ డబ్బూ రెండూ ఎక్కువే.

పేదవాడి పంటికి దగ్గరైనది లండన్‌లో విల్సన్, కెంట్ రూపొందించి 1970ల ఆరంభంలో వెలువరించిన గ్లాస్ అయనోమర్. గాజుపొడిని ఆమ్లద్రవంతో కలిపితే తానే పంటికి అంటుకుంటుంది, కొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. ఫ్లోరైడ్ అంటే నల్లగొండే గుర్తొచ్చే మనవాళ్లు దీనికి జంకనక్కర్లేదు, ఆ పరిమాణం అత్యల్పం. కరెంటు లేని చోట చేతి పనిముట్లతో పుచ్చు గీకి దీన్ని నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో మొదలైంది. నిజంగా ‘సిమెంటు’ అనదగింది ఇదే. అయితే దవడ పళ్ల నమిలే ఒత్తిడికి అమాల్గమ్ అంత కాలం నిలవదు.

నిషేధం కొత్తగా నింపేవాటికే. పాతవి బాగుంటే తీయించుకోనక్కర్లేదు. డ్రిల్లు పెట్టి తొలిచేటప్పుడే ఆవిరి ఎక్కువగా లేస్తుంది. ఆ పూడికలు మనిషితోపాటే ఉండి, వాటిలోని పాదరసం దహనంలో గాలిలో కలుస్తుంది. పాదరసం 357 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది, చితి వేడి అంతకంటే ఎక్కువ.