సంగీతశాల పేచీ: 1951 చట్టం మిగిల్చిన చిక్కు

ఒడిశాలోని గజపతి జిల్లాలో జమీందారీ కాలంనాటి సంగీతశాలను బాగుచేసి ఊరి వాడుకకు ఇవ్వాలన్న ప్రతిపాదన మళ్లీ ముందుకు రావడంతో పాత తగవు కూడా తిరగబెట్టింది. ఏళ్లుగా తాళం పడి ఉన్న ఆ శాలను పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మండపంగా మార్చాలని అధికారులు, గాత్రం, వయొలిన్ తరగతులకు విడిచిపెట్టాలని సంగీత బృందాల వారు పట్టుబడుతున్నారు.

1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైన సంగతి ఇక్కడి తెలుగువారికి కంఠతా వచ్చినదే గనుక మళ్లీ చెప్పనక్కరలేదు. నేటి పేచీకి అది మూలమూ కాదు. సరిహద్దు గీసిన తరువాత కూడా ఆ శాలలో ఒడియా వాగ్గేయకారుడు గోపాలకృష్ణ పట్నాయక్ పాటలు, త్యాగరాజ కృతులు ఒకే చాప మీద కూర్చుని పాడేవారని పెద్దలు చెబుతారు.

అసలు మలుపు జమీందారీలను రద్దు చేసిన ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టం, 1951. దాని ప్రకారం జమీందారు నివాసానికి, వ్యాపారానికి వాడుకునే కట్టడాలు ఆయనకే మిగిలాయి. ఎస్టేటు పాలనకు వాడిన దివాణపు కట్టడాలు ప్రభుత్వపరమయ్యాయి. సంగీతశాల ఈ రెండు తరగతుల్లోనూ సరిగా ఇమడదు. చివరకు అది ప్రభుత్వం కిందికే వచ్చింది, దానిపై ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. అయితే విద్వాంసుల జీతం, దీపాల చమురు, వానలకు ముందు మిద్దెకు గానుగ సున్నం పట్టించే కూలి ఎస్టేటు ఖజానా భరించినవి. గోడలను తీసుకున్నవారు ఆ ఖర్చును మాత్రం ఏ పద్దులోనూ చేర్చుకోలేదు. సరిహద్దుకు అటు విజయనగరంలో 1919లో సంస్థానం ప్రారంభించిన సంగీత కళాశాల నేటికీ ప్రభుత్వ కళాశాలగా నడుస్తోందంటే, అక్కడ భవనంతో పాటు బోధన బాధ్యతను కూడా సర్కారు తలకెత్తుకుంది గనుకనే.

పద్దు లేని కట్టడానికి తరువాత జరిగిన మరమ్మతులు ఎలా ఉంటాయో ఉత్తరపు గోడను చూస్తే తెలుస్తుంది. సున్నపు గార మీద సిమెంటు పూశారు. లోపలి తేమ బయటికి పోయే దారి లేక పూత ఉబ్బింది. పెచ్చును చేత్తో లాగితే ఊడి వస్తుంది, కింది గార తడిపొడిగా వేళ్లకు అంటుకుంటుంది. కూల్చివేతే మేలని ఒక దశలో వినిపించిన మాటకు ఆధారం ఈ పెచ్చులే, నిజానికి ఇటుక కట్టుడు గట్టిగానే ఉంది.

మండపం అద్దెతోనే నిర్వహణ సాగుతుందని అధికారుల వాదన. సంగీత బృందాల వారు దాన్ని పూర్తిగా తోసిపుచ్చడం లేదు. ముహూర్తాల రోజుల్లో అద్దెకిచ్చినా అభ్యంతరం లేదని, వంటశాలను ఆవరణ వెలుపల కట్టాలని, గాత్రానికి ప్రతిధ్వనినిచ్చే ఎత్తైన కప్పు కింద మరో కప్పు వేయరాదని, సాయంత్రపు తరగతుల వేళలను ఒప్పందంలోనే రాయాలని కోరుతున్నారు. తాజా ప్రతిపాదనలో మరమ్మతుకు కేటాయింపు ఉంది గాని, ఏటేటా సున్నానికి, గురువుల జీతానికి పద్దు లేదు. అది చేర్చేదాకా సంతకం పెట్టేది లేదని వారు తేల్చి చెప్పారు.